కర్దనూర్ ఎల్సీ ఆపిన చుక్క

కర్దనూర్ ఎల్సీ మొట్టమొదటి గెలుపు పాస్టరు గారి పాత స్కూటరు. నలుగురు మెకానిక్‌లు చూసి, ఇక పాత ఇనుముకు వేసుకోమన్న బండి అది. పద్నాలుగేళ్ల పిల్ల మూడు రోజులు తిండి మీద ధ్యాస లేకుండా విప్పింది, కడిగింది, బిగించింది. నాలుగో రోజు పొద్దున ఒక్క కిక్కుకే పలికించింది. ఆ ఆదివారం పాస్టరు గారు దాని మీదే చర్చికి వచ్చారు, ఊరంతా చూసింది.

ఆ తర్వాత ఆమె చేసినవి చెప్పాలంటే పొద్దు చాలదు. ఊరి బళ్లో పదో తరగతి ఫస్టు క్లాసు. సంగారెడ్డి ఐటీఐలో ఆ ఏడు మోటారు మెకానిక్ చదివిన ఒక్కగానొక్క ఆడపిల్ల. షిఫ్టులకు పోయేవాళ్ల బండి ఏదైనా సరే, ఆమె షెడ్డులో రెండో రోజు నిలబడి ఎరగదు. ఇంత చేసీ, ముప్పై ఆరేళ్లు వచ్చినా, జహీరాబాద్ దాటి ఎన్నడూ పోలేదు.

నాయిన పరంజ్యోతి కూడా తక్కువవాడు కాదు. కాజీపల్లి మందుల కంపెనీలో ముప్పై ఏళ్లు పైపు ఫిట్టరు. రిటైరయినా ఆ పనితనం వేళ్లను వదల్లేదు. మొన్న ఆగస్టులో అదే కొంప ముంచబోయింది.

శనివారం పొద్దున బొల్లారంలో ల్యాబ్ ఇన్‌చార్జిగా చేసే హైమావతి తన పెద్ద బండి తెచ్చింది. ఆ బండి క్లచ్‌కు తీగ ఉండదు, పైపులో ఆయిలే ఒత్తిడితో పని చేస్తుంది. ఆ పైపు ఇంజను దగ్గర అతికేచోట చుక్క చుక్క కారుతోంది.

“రెండుసార్లు బిగిపించిన ఎల్సీ, ఆగుతలేదు. సోమవారం పన్నెండు బండ్లం లద్దాఖ్ పోతున్నం. వెనకొచ్చే వ్యాన్ల కూసుండెటందుకు ఒక మెకానిక్ కావాలె. గిది ఆపినవనుకో, నువ్వే ఎక్కుతవ్. లేదంటే మావోళ్లు సిటీల ఇంకొకాయనను మాట్లాడి పెట్టిండ్రు.”

“ఆగుతది మేడం,” అంది ఎల్సీ. అంటూనే అతుకు విప్పడానికి కూర్చుంది.

ఆ అతుకులో పైపు కొస ఉంగరంలా ఉంటుంది. దాని నడుమనుంచి, లోపల ఆయిల్ పారే బోలు బోల్టు పోతుంది. ఉంగరానికి అటొకటి, ఇటొకటి రాగి వాషర్లు. అవి నలిగి గట్టిపడి ఉన్నాయి. కొత్తవాటి కోసం పటాన్‌చెరు పోయి అన్ని దుకాణాలూ తిరిగింది. ఆ సైజు మంగళవారం దాకా రాదన్నారు.

తిరిగి వచ్చేసరికి పరంజ్యోతి మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

“ఇగ పరేషాన్ గాకు బిడ్డా. నేను జేసేసిన.”

ఎల్సీ క్లచ్ లివర్ నొక్కింది. వదిలితే అది నిద్రలేచినట్టు మెల్లగా తిరిగి వచ్చింది. కింద చుక్క అట్లాగే ఉంది. విప్పితే బోల్టు మరలన్నిటికీ నీళ్ల పైపులకు చుట్టే తెల్ల టేపు! ఒక పోగు తెగి బోల్టు రంధ్రానికే అడ్డం పడింది.

“ఇదేంది నాయినా?”

“ఏందంటవేంది? ముప్పై ఏండ్ల సర్వీసుల నేను టేపు జుట్టిన జాయింటు ఒక్కటన్న కారిందా?”

“కారలే. గా పైపులల్ల మరలే ఆపుతయి. దీంట్ల మరలు ఊకె పట్టుకుంటయంతే. ఆయిల్ ఆపేది వాషరు. నువ్వు ఎంత జుట్టినా గది వాషర్ సందులకెల్లే వస్తది.”

పరంజ్యోతి బోల్టును వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. “గట్లనా,” అన్నాడు చివరికి. ఆ ఒక్క మాట ఆయన నోట వినడానికి కంపెనీలో ఇంజనీర్లు కూడా నోచుకోలేదు.

ఎల్సీ పోగులన్నీ ఏరి, పైపును కొత్త ఆయిల్‌తో కడిగింది. పాత వాషర్లు తీసుకుని వంటింట్లోకి నడిచింది.

“చాయ్ పొయ్యి మీద ఇనుము కాలుస్తవానే?” అని అరిచింది తల్లి సుకుమారి.

“ఇనుము గాదమ్మా, రాగి. కాలిస్తే మళ్ల మెత్తవడ్తది.”

“నీకు వంట నేర్పుదామని సూస్తే, నువ్వు వాషర్లు వండుతున్నవ్!”

ఎర్రగా కాలిన వాషర్లను నీళ్లలో వేసింది. అద్దం ముక్క మీద సన్న గీకుడు కాగితం పరిచి, రెండు వైపులా నునుపు చేసింది. వాటిని అతుకులో వేసి, సరిపడా బిగువు రాగానే చప్పుడు చేసే టార్క్ రెంచి టక్కుమనగానే బిగించడం ఆపేసింది. “ఇంకింత జెర బిగించు” అనబోయి పరంజ్యోతి నోరు మూసుకున్నాడు. పైపులోని గాలి బుడగలు తీసి, ఒలికిన ఆయిల్ బండి రంగును తినేయకుండా నీళ్లతో కడిగింది. తర్వాత లివర్‌ను పిడికి లాగి ట్యూబు ముక్కతో కట్టి, అతుక్కి తెల్ల కాగితం చుట్టింది. ఒత్తిడి ఒక రోజంతా అట్లాగే ఉండాలి. కారితే కాగితమే చెబుతుంది.

ఆదివారం చర్చిలో ఆమె ఏం ప్రార్థించిందో అడగనక్కరలేదు. సాయంత్రం హైమావతి వచ్చి తన చేత్తోనే కాగితం విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. పొడిగా ఉంది.

“బట్టలు సర్దుకో. స్వెటర్లు రెండు పెట్టుకో,” అంది.

ఇరవై ఐదో తేదీ సోమవారం ఎల్సీ వ్యాన్ ఎక్కింది. పరంజ్యోతి చెయ్యి ఊపి, వ్యాన్ మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత షెడ్డు షట్టరు దించి, సుద్దముక్కతో దాని మీద పెద్ద అక్షరాలు రాశాడు: “మెకానిక్ ఎల్సీ లద్దాఖ్ పోయింది. సెప్టెంబరు 14, ఆదివారం వస్తది.”