మామ కుడిచెయ్యి

మా అమ్మ తమ్ముడికే నన్నిచ్చారు. అందుకని పెళ్లికి ముందూ మామే, పెళ్లయ్యాకా మామే. మా అమ్మను కన్న అవ్వే నాకు అత్త. నాకు సంతకం పెట్టేంత చదువే ఉంది. నేను నోటితో చెబుతుంటే రాస్తున్నారు. బాగుచేసి రాయొద్దని ముందే చెప్పాను.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి. అగ్గిపెట్టెలు చేసే చోటును మా ఊళ్లో తీపెట్టి ఆఫీసు అంటారు. మామ అక్కడ మూటలు కట్టేవాడు. పనికి ముందు, పని తర్వాత హాకీ. మా ఊరికి ఆ పిచ్చి ఉంది, వీధికో జట్టు. మామ గోలుకి ముందు నిలబడే బ్యాకు. అతను బంతిని కొడితే చప్పుడు రైలు కట్ట దాకా వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు. ఆ చేతి దెబ్బ ఎలా ఉంటుందో నన్నెవరూ అడగలేదు.

ఒకసారి కడంబూరులో ఓడిపోయి వచ్చాడు. బువ్వ పెడుతూ, నా నోరు ఊరుకోక, "గోలు కాడ నిలబడి ఉంటివా మామా, నిద్రపోతా ఉంటివా?" అన్నాను. కంచం పక్కకు జరిపాడు. కుడిచేత్తో నా ఎడమ చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచాడు. టక్కుమంది. అవ్వ పక్కనే కూర్చుని ఆకు నములుతోంది. "నోరు వుండేవాళ్లకి వేలు ఎందుకు?" అంది. ఆ వేలు వంకరగానే అతుక్కుంది.

తొంభైల చివర్లో ఒక పొద్దున గ్రౌండులోనే మామ పడిపోయాడు. నోరు పక్కకు పోయింది, కుడికాలు, కుడిచెయ్యి చచ్చిపోయాయి. గవర్నమెంటు ఆసుపత్రిలో నేను మొదట చూసింది ఆ చెయ్యినే. కోసిన కోడి మెడలాగా మంచం పక్కన వేలాడుతోంది. గిల్లాను. తెలియలేదు. గోరు దిగేలా గిల్లాను. అప్పుడూ తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. పక్క మంచాల వాళ్లు మొగుడి కోసం ఏడుస్తున్నాననుకుని నాకు కాఫీ తెచ్చిచ్చారు.

రెండో నెలలో మాట తిరిగింది. ముద్దముద్దగా మొదట అన్న మాట, "గ్రౌండుకి పోవాల." నన్ను పిలవలేదు, వాళ్లమ్మనీ పిలవలేదు.

విరుదునగరంలో పక్షవాతం వచ్చినవాళ్లకే వ్యాయామం, మా మాటల్లో పయిర్చి, నేర్పించే ఒకామె ఉందని ఎవరో చెప్పారు. వారానికి రెండుసార్లు బస్సులో తీసుకుపోయేదాన్ని. సాత్తూరులో బస్సు ఆగితే కిటికీ దగ్గరికి దోసకాయలు వచ్చేవి. చీల్చి కారం రాసినవి రెండు కొని ఒకటి మామ కుడిచేతిలో పెట్టేదాన్ని. జారి కింద పడేది. ఇంకోటి కొనేదాన్ని కాదు. నాది నేను తినేదాన్ని.

ఆమె మామ వేళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూసి, "ఈ చెయ్యి ముందు ఏ పని బాగా చేసేది?" అని అరవంలో అడిగింది. మామ, "హాకీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆమె నన్ను చూసింది, తర్వాత నా చిటికెన వేలిని చూసింది. మామను గోడ పట్టుకుని నడవమని చెప్పి నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆ వేలు ఎట్లా విరిగింది?"

"ఆ చేతితోనే."

"ఆ చెయ్యి తిరిగి రావడం నీకు సమ్మతమేనా అమ్మా?" అంది.

"రానీండి అక్కా. చచ్చిన చెయ్యిని నేనేం చేసుకునేది? బతికితేనే దానికి నొప్పి తెలుస్తుంది."

అప్పుడు నా మనసులో ఉన్నది అదే. ఇప్పుడు మార్చి చెప్పను. ఆ చెయ్యి బతకాలి, ఆ చిటికెన వేలికి చురుకు రావాలి, ఒకరోజు నేను దాన్ని వెనక్కి వంచాలి.

వేళ్లు కొంచెం కదలడం మొదలయ్యాక ఆమె ఒక పద్ధతి చెప్పింది. మంచి చేతిని సంచిలో పెట్టి కట్టెయ్యాలి. పొద్దున కాఫీ నుంచి మధ్యాహ్నం బువ్వ దాకా అన్నీ చచ్చిన చేత్తోనే చేయించాలి. దొడ్డికి పోయేటప్పుడు మాత్రం విప్పొచ్చు. తినిపించకూడదు, అందివ్వకూడదు, ఓర్చుకుని చూస్తూ ఉండాలి. ఏదైనా మందపాటి గుడ్డ చాలంది. నేను నా పాత లోపావడా చించి సంచి కుట్టాను.

అవ్వ గుండెలు బాదుకుంది. "ఆడదాని పావడా నా కొడుకు చేతికా! నీ చెయ్యి పడిపోను!"

"మీ కొడుకు ఆడాలా, వద్దా?"

ఆ ఒక్క మాటతో ఆ ఇంటిని ఎనిమిది నెలలు ఏలాను. కాఫీ ఒలికి తొడ మీద పడితే తుడవలేదు. ముక్కు మీద ఈగ వాలితే తోలలేదు. అవ్వ చాటుగా ముద్ద కలిపి నోటికి పెట్టబోతే మణికట్టు పట్టుకుని లాగాను. "పయిర్చి చెడిపోతాది అవ్వా." మామ కళ్లల్లోంచి నీళ్లు కారేవి. ఇరుగుపొరుగు నన్ను పతివ్రత అన్నారు. విరుదునగరం ఆమె నాకు నేర్పింది ఓర్పు. నేను చేసింది అది కాదు.

తీపెట్టి ఆఫీసు నుంచి నేను ఇంటికి పని తెచ్చుకునేదాన్ని. కొయ్య చట్రం గాడుల్లో అగ్గిపుల్లలు ఒక్కొక్కటే పేర్చాలి. అది ఆడవాళ్ల పని అని మామ ఆ చట్రాలను కాలితో తన్నినవాడే. వాటినే అతని ముందు పెట్టాను. వణుకుతూ పుల్ల తీసేవాడు, గాడి తప్పేది, మళ్లీ తీసేవాడు. పొద్దంతా కూర్చుంటే నాలుగు వరసలు. ఒక వరస వంకరగా ఉందని నాలుగూ గుమ్మరించి గంపలో పోశాను.

"ఏమే, మూడు వరసలు బాగుండె కదా!"

"బాగుండెనా? నా వేలు మాదిరి ఉండాది మామా. మళ్లీ పెట్టు."

ఆ రోజు మామ నా వేలి వంక చూశాడు. అది విరిచిన తర్వాత మొదటిసారి చూడటం అదే అనుకుంటాను.

సంచి కట్టిన ఐదో నెలలో ఒక దోసకాయ సాత్తూరు నుంచి విరుదునగరం దాకా అతని చేతిలో నిలిచింది. తినడం మరిచిపోయి దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే ఆమె హాకీ స్టిక్కు తెమ్మంది. తన మేడ మీద సుద్దగీతలు గీసి పక్కకు నడిపించింది, వంగి నిలబెట్టింది, గుడ్డ బంతిని మెల్లగా నెట్టించింది. ప్రతిసారీ ముందు బీపీ చూసేది. చివరికి, "పది నిమిషాలు. పరుగు వద్దు. అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువైనా నేను ఒప్పుకోను" అంది.

మా ఊళ్లో పెద్ద ఆటకు ముందు పాత ఆటగాళ్లు సరదాగా ఒక ఆట ఆడతారు. ఆదివారం పొద్దున మామను అందులో నిలబెట్టారు. గీత పక్కన నేను నీళ్ల చెంబుతో నిలబడ్డాను. అవతలి జట్టులోంచి ఒకడు బంతి తీసుకుని దూసుకొచ్చాడు. మామ వంగాడు. వెనకనుంచి మామ పాత స్నేహితుడే కేకేశాడు.

"రేయ్, వదిలేయ్‌రా! పావం, వచ్చిందే పెద్ద సంగతి!"

వచ్చినవాడు ఆగి, బంతిని మామ స్టిక్కు ముందుకు మెల్లగా తోశాడు, పిల్లకు మిఠాయి ఇచ్చినట్టు. మామ కొట్టాడు. గ్రౌండంతా చప్పట్లు. ఆ చప్పుడు రైలు కట్ట దాకా పోలేదు, నా దగ్గరికే సరిగ్గా రాలేదు. పది నిమిషాలూ అట్లాగే ఆడించారు. మామ ముఖం నల్లబడిపోయింది.

ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అవ్వ దిష్టి తీయబోతే చెయ్యి విసిరాడు. నాకు తెలుసు, ఇదే సమయం. వంగి చారు పోస్తూ అదే మాట అన్నాను.

"గోలు కాడ నిలబడి ఉంటివా మామా, నిద్రపోతా ఉంటివా?"

కుడిచెయ్యి లేచింది. భుజం దాటింది, చెవి దాటింది. విరుదునగరంలో ఎంత బతిమాలినా చెవి దాటని చెయ్యి. నేను పక్కకు తప్పుకోలేదు. చిటికెన వేలు దొరకబుచ్చుకుని వెనక్కి వంచాను.

"నొస్తా ఉందా?"

"నొస్తా ఉంది." గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "వదిలేయే. నొస్తా ఉంది."

అవ్వ కేకలు పెడుతోంది. ఇంకొంచెం వంచితే టక్కుమనేది. ఆ చప్పుడు నాకు తెలుసు. జాలి వల్ల ఆగానని రాయొద్దు. ఎనిమిది నెలలు నేను పుల్లలు గుమ్మరించి గుమ్మరించి కదిలించిన వేలది. విరిచేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. వదిలేశాను.

"తిను. రేపు పొద్దున సంచి కట్టాల" అన్నాను.

తర్వాత కొన్నేళ్లు ఆదివారాలు గ్రౌండుకు పోయాడు. పది నిమిషాలు నిలబడి వచ్చేవాడు. తిట్టేవాడు, కంచం విసిరేవాడు, ఎడమచేత్తో. కుడిచెయ్యి నా మీదికి రాలేదు. నేను దగ్గరికి పోతే ఆ చిటికెన వేలిని గుప్పిట్లోకి ముడుచుకునేవాడు.

రెండోసారి పడినప్పుడు ఇక లేవలేదు. శవానికి స్నానం చేయించేటప్పుడు ఆ చెయ్యిని నేనే కడుగుతానన్నాను, వేరేవాళ్లను ముట్టనివ్వలేదు. వేళ్లు తెరిచాను. గోరు దిగేలా గిల్లాను. తెలియలేదు. ఈసారి నాకు ఏడుపు రాలేదు. అవ్వ నా చేతిలోంచి చెంబు లాక్కుని, "ఇంకా చాలలేదా నీకు?" అంది.