మా బావ భావోద్వేగాల క్లాసు

మా అక్క మొగుడు నోటితో బతికే మనిషి. బడిలో ఉద్యోగానికి చేరకముందు ఇంటింటికీ తిరిగి దుమ్ము పీల్చే మిషన్లు అమ్మేవాడు. గడప దాటగానే సంచిలోంచి గుప్పెడు దుమ్ము తీసి వాళ్ల తివాచీ మీద చల్లేవాడు. ఆ ఇంటావిడ లబోదిబోమంటుండగానే మిషను పెట్టి లాగేసి, "చూశారామ్మా, మీ ఇంట్లో ఎంత దుమ్ముందో!" అనేవాడు. ఆ దుమ్ము ఎవరిదని ఒక్కరూ అడగలేదట. ఈ ముక్క ఆయనే మాకు గొప్పగా చెప్పేవాడు.

ఆ కంపెనీ మూతపడ్డాక కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత ఏదో హోటల్లో పిల్లల పెంపకం మీద శిక్షణ ఇస్తున్నారని విని వెళ్లొచ్చాడు. వెళ్లేటప్పుడు "ఏమేవ్, టీ!" అని కేకేసిన మనిషి, తిరిగొచ్చి సోఫాలో కూర్చుని, "నాకు ఒక కప్పు టీ అవసరమున్నట్టు అనిపిస్తోంది" అన్నాడు. టీ మాత్రం అక్కే పెట్టింది.

అక్క రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది. తెల్లవారగానే వెళ్లి, క్యూలో నిలబడ్డ జనం చేతుల్లో నరాలు వెతుక్కుంటుంది. ఆమెకు మాటలు తక్కువ. వాళ్లకో కూతురు, ఆరో తరగతి. కూర్చుంటే ఒక కబురు, నిలబడితే ఒక కబురు చెబుతుంటుందని అక్క దాన్ని పిచ్చుక అని పిలుస్తుంది. పిచ్చుక చదివే బడి ఆఫీసులోనే నా ఉద్యోగం. అందుకే ఈ కథంతా నేను కళ్లారా చూశాను.

మా ప్రిన్సిపల్‌గారికి అప్పట్లో ఒక బెంగ ఉండేది. అవతలి వీధి బడివాళ్లు గేటుకి "పిల్లల మానసిక ఆరోగ్యమే మా ధ్యేయం" అని బ్యానరు కట్టేశారు. మన గేటుకి ఏం కట్టాలి? సరిగ్గా అదే సమయానికి కూతుర్ని తీసుకెళ్లడానికి మా బావ వచ్చాడు. ఆవిడ గదిలో ఒక్క కాఫీ తాగేంత సేపు మాట్లాడాడు. మర్నాటికల్లా వాళ్లదాని కంటే మన బ్యానరు రెండు మూరలు పొడుగైంది, మా బావకి ఒక గది వచ్చింది.

అప్పట్నుంచి శనివారం శనివారం తల్లిదండ్రులకి క్లాసు. పిల్లల ప్రోగ్రెస్ కార్డు కావాలంటే ముందు మా బావ ప్రసంగం వినాలని నిబంధన పెట్టారు. కాబట్టి హాలు ఎప్పుడూ కిటకిటలాడేది. ఇంతమంది వస్తున్నారని ప్రిన్సిపల్ మురిసిపోయేది. తలుపు వేసి గొళ్లెం పెడితే ఎలుకలు కూడా బోనులోనే ఉంటాయి.

ఆయన చెప్పే మాటల్లో తప్పేం లేదు, అదే నాకు మంట. పిల్లల మాట వినండి అనేవాడు. నలుగురిలో చిన్నబుచ్చకండి అనేవాడు. వాళ్ల ఎత్తుకి వంగి కళ్లలోకి చూడండి అనేవాడు. విన్న తల్లుల్లో కొందరు నిజంగానే ఇంటికెళ్లి ఆచరించారు, బాగుపడ్డారు కూడా. బావకే తీరిక దొరకలేదు.

ఇంట్లో రోజూ అన్నాలకి ముందు కూతుర్ని కూర్చోబెట్టి మొహాల బొమ్మలున్న అట్టముక్కలు పరిచేవాడు. నవ్వు మొహం, ఏడుపు మొహం, కోపం మొహం. "ఇవాళ నీ భావం ఏది తల్లీ?"

"ఆకలి బొమ్మ లేదా నాన్నా?"

"ఆకలి భావం కాదమ్మా. మళ్లీ ఆలోచించు."

నవ్వు మొహం తీస్తే తొందరగా వదిలేస్తాడని అది వారం తిరక్కుండానే కనిపెట్టేసింది. ఆ తర్వాత రోజూ నవ్వు మొహమే. మా బావ ఆ సంగతి క్లాసులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఒక శనివారం పిచ్చుక తరగతిలో టీచరమ్మ దాని తలలో పేలు చూసింది. చూసి ఊరుకోక, "లే, బయటికి నడు. మీ నాన్న ఇక్కడే ఉన్నాడుగా, ఇంటికి తీసుకెళ్లమను" అని పంపేసింది. పిల్ల తలొంచుకుని, సంచీ భుజానేసుకుని, నేరుగా హాలుకి వెళ్లింది. వేదిక పక్కనుంచి మెల్లగా తండ్రి చొక్కా లాగింది.

నేను అప్పుడు వెనక వరుసలో నిలబడి కార్డులు సర్దుతున్నాను.

బావ మొహం వెలిగిపోయింది. "చూడండి! మాట్లాడుతుంటే పిల్ల అడ్డొచ్చింది. మనమైతే ఏం చేస్తాం? కసురుకుంటాం. ఇప్పుడు నేనేం చేస్తానో గమనించండి." మోకాలి మీద కూర్చుని దాని భుజాలు పట్టుకున్నాడు. "చెప్పు తల్లీ, నీకేమనిపిస్తోంది?"

"ఇంటికి పోదాం నాన్నా."

"అది కోరిక. భావం చెప్పు."

"నాన్నా, ప్లీజ్..."

"ఇక్కడ అందరూ మనవాళ్లే. భయం లేదు. చెప్పు."

పిల్ల ఆయన చెవి దగ్గరికి వంగింది. రహస్యంగా ఒకే మాట అంది. ఆయన కాలరుకి మైకు తగిలించి ఉంది. "పేలు" అన్న మాట హాలంతా వినబడింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, హాలు హాలంతా ఘొల్లుమంది. నేను వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. వెనక బావ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఎంత నిజాయితీ! దీనికి చప్పట్లు కొట్టాలా వద్దా?" కొట్టారు.

సాయంత్రం అక్క నేల మీద పేపరు పరిచి, పిచ్చుక తలకి నూనె పట్టించి, సన్నపళ్ల దువ్వెనతో దువ్వడం మొదలుపెట్టింది. "నీ వయసులో నాకు ఇంతకు రెట్టింపుండేవి. మీ పిన్నికీ నేనే అంటించాను, అడుగు" అంది నన్ను చూపించి. పిల్ల మొదటిసారి కాస్త నవ్వింది. అంతలో బావ గుమ్మంలో ప్రత్యక్షమై, "ఇప్పుడెలా అనిపిస్తోంది తల్లీ?" అన్నాడు.

"దురదగా" అంది పిల్ల, తలెత్తకుండానే. "నాన్నా, ఇవాళ్టి సంగతి ఇంకెక్కడా చెప్పకు" అంది.

"నీ హద్దుని నేను గౌరవిస్తున్నాను" అన్నాడు బావ.

గౌరవించిన తీరు పై శనివారం తెలిసింది. "సిగ్గుని జయించిన చిన్నారి" అని దానికో పేరు పెట్టి, కన్నీళ్లు కూడా కలిపి చెప్పాడు. తల్లులు ఇంటికెళ్లి పిల్లలకి చెప్పారు. సోమవారం తరగతిలో పిచ్చుక పక్క సీటు ఖాళీ. తర్వాత వారం ఇంకో సెక్షను తల్లిదండ్రులకి మళ్లీ అదే కథ. అది విని అక్క అంది: "పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. నేను శనివారం సెలవు పెట్టాలి."

అక్క వచ్చి ముందు వరుసలో కూర్చుంది. బావ గొంతు సవరించుకుని, "ఒకరోజు ఒక చిన్నారి నా చొక్కా లాగింది..." అనగానే లేచి నిలబడింది.

"ఆ పిల్ల తల్లిని నేను. ఈ కథ చెప్పొద్దని అది మిమ్మల్ని అడిగింది. మీరు సరేనన్నారు. ఇక ఆపండి."

బావ ఒక్క క్షణం తడబడ్డాడు. అదొక్క క్షణమే ఆయన నా కంటికి మనిషిలా కనిపించాడు. తర్వాత మెల్లగా వేదిక దిగి వచ్చి, కట్టుకున్న పెళ్లాం ముందు మోకాలి మీద కూర్చున్నాడు. "మీ బాధ నాకు వినబడుతోందమ్మా."

"వినబడితే ఆపండి."

ఆయన లేచి జనం వైపు తిరిగాడు. "గమనించారా? కోపం వెనక ఎప్పుడూ ప్రేమే ఉంటుంది!"

చప్పట్లు మోగిపోయాయి. అక్క పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకాయన కళ్లు తుడుచుకుని, "ఎంత బాగా నటించారమ్మా, నిజమే అనుకున్నాను" అన్నాడు. అక్క ఆయన వంక ఒకసారి చూసి బయటికి నడిచింది.

సోమవారం అక్క పిచ్చుక టీసీ అడగడానికి వెళితే ప్రిన్సిపల్ కుర్చీలోంచి లేచి మరీ చేతులు పట్టుకుంది. "మొన్నటి సన్నివేశం అద్భుతమని అందరూ రాసిచ్చారండీ. వచ్చే నెల మళ్లీ చేయగలరా?" అక్క టీసీ తీసుకునేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. పిచ్చుకని తన పరీక్షా కేంద్రం పక్క వీధిలో ఉన్న చిన్న బడిలో వేసింది. ఆ బడి గేటుకి బ్యానరు లేదు. పొద్దున ఇద్దరూ కలిసే బస్సెక్కుతారు. కబుర్లన్నీ ఆ బస్సులోనే అయిపోతాయని అక్క అంటుంది. ఇంట్లో తండ్రి చెప్పుల చప్పుడు వినబడితే మాత్రం పిల్ల పుస్తకం తెరుస్తుంది.

బావకి కొదవేం లేదు. పక్క బడులవాళ్లు కూడా పిలుస్తున్నారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు గానీ, ఈ బల్లి పడిన కుడితి మీద కూడా ప్రసంగాలిస్తోంది.

మొన్న నేను వాళ్లింటికి వెళ్లాను. అక్క స్నానం చేస్తోంది. బావ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పిచ్చుక నీతో బాగా మాట్లాడుతుందటగా. నాతో ఎందుకు మాట్లాడదే?"

"దాన్నే అడుగు బావా."

"ఏమని అడగాలి?"

వందలమందికి చెప్పేవాడు నన్నడుగుతున్నాడు. జాలి కలగాలేమో, నాకు కలగలేదు. "ఏమో, ఆ బొమ్మల్లేకుండా వెళ్లి చూడు" అన్నాను.

వెళ్లాడు. పిల్ల లెక్కలు చేసుకుంటోంది. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. చివరికి స్విచ్ మీద చెయ్యి వేసి, "ఫ్యాను ఎక్కువైందా, తగ్గించనా?" అన్నాడు.

"వద్దు నాన్నా, ఉక్కగా ఉంది."

అంతే. బయటికొచ్చి, "మాట్లాడింది" అన్నాడు నాతో, ఏదో గెలిచి వచ్చినట్టు.

నేను చెప్పులేసుకుని మా ఇంటికి బయల్దేరాను.