పదకొండు మెట్లు

నష్టపు బేరానికైనా ఒక స్థాయి ఉండాలి. మా సికింద్రాబాద్ బజారులో పట్టుచీరను నూలుచీర ధరకు అమ్ముకున్నవాళ్ళను ఎరుగుదును గానీ, నూరు రూపాయల తేడాకు సముద్రాన్నే వదులుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణేనని ఈ వయసులోనూ మీసం మెలేసి చెప్పగలను. మొన్న మల్కాజ్‌గిరిలో మా మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని, పైదేశం చదువుకు దారిఖర్చులిస్తామన్న ఎవరో ధర్మదాతల జవాబు చదువుతూ, "తాతా, సగమే ఇస్తరంట. ఇంకొంచెం అడగనా?" అన్నది. ఆ మాటకు నా కళ్ళముందు పదకొండు మెట్లు లేచి నిలబడ్డాయి.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు. మిలిటరీ లారీలు కార్ఖానా రోడ్డు మీదుగా వచ్చిన రోజుల్లో సగం మూసిన మా బట్టల దుకాణం పలకలు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్నాయి. ఊరికి భయం పోయి, ఏదో కొత్తది జరగబోతోందన్న మత్తు పట్టుకుంది. లాలాగూడ నుంచి వచ్చే మా లెక్కల టీచరమ్మ తన కూతురికీ నాకూ కలిపి స్కాలర్‌షిప్పులు వెతికేది. అంటే ఆ కాలంలో రీడింగ్ రూములో పాత పేపర్లు తిరగేసి, చిరునామాలు రాసుకొచ్చి, టైపు కొట్టించి పంపి, జవాబు కోసం నెలలు ఎదురుచూడడమే. అలా నాకు ఇంగ్లండులో బట్టలకు రంగులద్దే చదువు దొరికింది. ఫీజు వాళ్ళదే, ఓడ టిక్కెట్టు మాత్రం నాది. సాయంత్రాలు హుస్సేన్ సాగర్ గట్టున నిలబడి, ఆ నీటిని మనసులో పెద్దది చేసుకుంటూ, నీలిమందు తొట్టిలో ముంచి తీసినట్టుండే సముద్రాన్ని ఊహించుకునేవాణ్ణి. అంత నీలం మా దుకాణంలో ఏ తానులోనూ ఉండేది కాదు.

టిక్కెట్టుకు సాయం చేస్తామని ఒక ట్రస్టు నన్నూ, నాలాగే అక్కడ సీటు దొరికిన టీచరమ్మ కూతుర్నీ పిలిచింది. పాత బంగళా, గుమ్మానికి పదకొండు మెట్లు. పెద్దమనుషులు ముగ్గురు నా కాగితాలు చూసి, మెచ్చుకుని, ఏడు వందలిస్తామన్నారు. అప్పుడు మాకు రెండు రకాల రూపాయలుండేవని నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. మన రాజ్యపు హాలీ ఒకటి, ఇండియా అంతటా చెల్లే కల్దార్ ఒకటి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. వాళ్ళన్నది హాలీ, అంటే ఓడ టిక్కెట్టుకు నూరు తక్కువ. నా నోరు ఊరుకుంటుందా? కల్దార్‌లో ఇప్పించండి అన్నాను. వీలుకాదన్నారు. నేను దండం పెట్టి లేచాను.

ఎందుకు లేచానో బజారులో పుట్టినవాళ్ళకు తెలుసు. మా దుకాణానికి మూడు మెట్లు. ధర నచ్చని గిరాకీ లేచి మెట్లు దిగుతుంది. మూడోది దిగేలోపు నాయన "జెర ఆగమ్మా, ఇటు రా" అని పిలుస్తాడు. పిలవని రోజు నేను చూడలేదు. ఇక్కడ మూడు దిగాను, పిలుపు లేదు. పెద్ద బంగళా కదా, ఆలస్యమవుతుందేమో అనుకున్నాను. అయిదో మెట్టు మీద ఊడని బూటుతాడు విప్పి కట్టుకున్నాను. ఎనిమిదో మెట్టు దగ్గర లోపలినుంచి పిలుపు వినిపించింది. టీచరమ్మ కూతురి పేరు అది. చెట్టు కింద కూర్చున్న ఆ పిల్ల లేచి నా పక్కనుంచే పైకి వెళుతూ, "ఏమైంది? ఇచ్చారా?" అని అడిగింది. దిగిన మెట్లు తనంత తాను ఎక్కినవాడికి ఇక బేరం ఉండదని మా నమ్మకం. నేను మిగిలిన మూడూ దిగాను.

ఆ ఏడు వందలూ ఆమెకిచ్చారు. ఇంట్లో సంగతి విని నాయన నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

"పిలుస్తరనుకున్నవారా? వాళ్ళేం అమ్ముకుంటున్నరని పిలుస్తరు? తక్కువబడ్డ పైసలు గల్లపెట్టెల తీసిపెట్టిన గదరా, అడగకపోతివి!"

ఓడమీంచి ఆ పిల్ల కార్డు రాసింది. సముద్రం నువ్వన్నంత నీలంగా లేదు, ఆకుపచ్చగా ఉంది అని. నేను జవాబు రాయలేదు. అడిగినవాళ్ళందరికీ మాత్రం సర్కారు మారిన గడబిడలో నా ఫైలు పోయిందని చెప్పుకున్నాను. యాభై ఏళ్ళపైన ఆ అబద్ధం బాగానే చెల్లింది.

మనవరాలికి అడగమనే చెప్పాను. అడుగు బిడ్డా, కుర్చీలోంచి మాత్రం లేవకు అన్నాను. దానికి అర్థం కాలేదు. ఇప్పుడు దిగడానికి మెట్లే లేవు కదా. హాలీ పోయింది, ఆ రాజ్యం పోయింది, గిరాకీని వెనక్కి పిలిచే గొంతులూ పోయాయి.

ఇక అసలు లెక్క. ఫైలు ఎక్కడికీ పోలేదు. వాళ్ళు చెప్పిన ధర న్యాయమైనది. తేడా నూరు రూపాయలు, అవీ ఇంట్లోనే ఉన్నాయి. ముసలితనంలో ఒకసారి మద్రాసు వెళ్ళి సముద్రాన్ని చూశాను. ఆకుపచ్చగానే ఉంది.