నల్లరాయి మీద లేని పేరు

నా చిన్నప్పుడు మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనేవారు కాదు. అంటే ఆయన ఆయుష్షు తగ్గిపోతుందని భయం. మా పేట పేటంతా క్రైస్తవంలో కలిసి ఒక తరం దాటింది గాని, ఆ భయం మాత్రం బాప్తిస్మం నీళ్ళతో పోలేదు. ఎవరైనా మొగుడి పేరు అడిగితే పక్కనున్న పిల్లను ముందుకు తోసి చెప్పించేవారు. మా మేనత్తకు ఆ పిల్లను నేనే. ఆవిడ నా వీపు మీద చిన్నగా తట్టేది, నేను మామయ్య పేరు గడగడా చెప్పేసేదాన్ని. ఆ పేరు వినపడగానే అత్త తల వంచుకుని నవ్వుకునేది.

మామయ్య పటాలంలో సిపాయి. కాకినాడ రేవులో ఓడెక్కి బర్మా యుద్ధానికి వెళ్ళి మరి తిరిగి రాలేదు. ఆయనతో పనిచేసిన సిపాయి ఒకాయన వచ్చి, పోయాడని కబురు చెప్పి, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. ఎక్కడ పూడ్చారని అత్త అడిగితే ఆయనకూ తెలియదన్నాడు. అత్తకు అప్పటికి పిల్లల్లేరు. పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. అత్త నోట నవ్వు పోయింది గాని అలవాటు పోలేదు. మొగుడు పోయాక ఇంకా దేనికి భయమో నాకు అర్థమయ్యేది కాదు. అప్పుడు కూడా ఆవిడ ఆ పేరు అనేది కాదు.

మాలో ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం కొడతారు. గోదావరి గట్టు దిగువన ఉన్న మా సమాధుల తోట ఆ రెండు రోజులూ తెల్లగా మెరిసిపోయేది. ఎవరి మనిషి దగ్గర వాళ్ళు కూర్చుని పూలు పెట్టుకునేవారు. అత్త కూడా తట్టలో గుల్లసున్నం, కొబ్బరి పీచు కుంచె తీసుకుని వచ్చేది. కాసేపు అటూ ఇటూ తిరిగి, దిక్కులేని సమాధి ఏదైనా కనిపిస్తే దానికి సున్నం వేసి ఇంటికి వచ్చేది. ఆ పూట ఆవిడతో ఎవరూ మాట్లాడేవారు కాదు.

అలాంటి రోజుల్లో, బర్మా యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఒకటి మా గుడిలో పెడతారని తెలిసింది. రాజమండ్రి నుంచి పడవ మీద, గడ్డిలో చుట్టి తెచ్చారు. అత్త ఆనందం చెప్పనలవి కాదు. రాయి నిలబెట్టడానికి కావలసిన సున్నం తనే నూరుతానని, మా గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారిని బతిమాలి ఒప్పించుకుంది. చేతులు పొక్కిపోయినా ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. తాను నోటితో అనలేని పేరు ఆ రాయి అంటుందని ఆవిడ ఆశ. ఇక ఎవరైనా అడిగితే నన్ను తట్టక్కరలేదు, గోడకేసి వేలు చూపిస్తే చాలు.

రాయి మీద గుడ్డ తీసే ఆదివారం అత్త అందరికంటే ముందు వెళ్ళి చాప మీద మొదటి వరసలో కూర్చుంది. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. దొర పాదిరిగారు ప్రార్థన చేసి గుడ్డ లాగారు. నున్నటి నల్లరాయి, నిండా ఇంగ్లీషు అక్షరాలు. ఆయన చదువుతుంటే ఉపదేశిగారు తెలుగులో చెప్పారు. ఒక కెప్టెను దొరగారి పేరు, ఇద్దరు చిన్న దొరల పేర్లు, వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ తండ్రుల పేర్లు. చివర్న, వీరితోపాటు ప్రాణాలు విడిచిన దేశీ సిపాయిలు అని ఒక్క వరస. అంతే, పాట ఎత్తుకోమన్నారు.

పాట అయ్యేదాకా అత్త ఆగింది. అయ్యాక లేచి నిలబడింది. గుడిలో ఆడమనిషి లేచి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"అయ్యగారండీ, మా ఆయన పేరు ఏ వరసలో ఉందండి?"

ఉపదేశిగారు ఇబ్బందిపడ్డారు. "వేరేగా లేదమ్మా. సిపాయిలు అన్నారు కదా, అందులోనే మీ ఆయనా ఉన్నట్టు."

నా వీపు మీద చెయ్యి పడుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. పడలేదు. అత్త దొరగారి మొహంలోకి సూటిగా చూసి, తన మొగుడి పేరు తనే అంది. అని, "ఇదండి ఆయన పేరు. దీన్ని రాయించండి" అంది.

నా వెనక ఆడవాళ్ళంతా ఒక్కసారి గుసగుసలు మొదలెట్టారు. పాదిరిగారు ఉపదేశిగారితో ఏదో అన్నారు. ఉపదేశిగారు అదే మాకు చెప్పారు. "రాయి మీద ఇంక చోటు లేదమ్మా. వాళ్ళందరి పేర్లూ దేవుడికి తెలుసు."

"మరి దొరల పేర్లు ఆయనకి తెలీవాండి?" అంది అత్త.

ఆ మాట ఉపదేశిగారు దొరకు చెప్పలేదు. కూర్చోమని చేత్తో సైగ చేశారు.

ఇంటికి వచ్చాక మా నాయనమ్మ అత్తను నానా మాటలూ అంది. రాయి మీద అల్లుడి పేరు లేనందుకు కాదు, కూతురు మొగుడి పేరు పదిమందిలో అన్నందుకు. "సిగ్గు లేకపోతే సరి! చచ్చినోడి పేరు అలా అరుస్తావటే?" అంది. పేటలో ఆడవాళ్ళూ అదే పాట. ఆ రాయి గురించి నోరెత్తిన మనిషి లేదు. వాళ్ళలో మొగుళ్ళను బర్మాలో పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నాకు ఇప్పటికీ దొర మీద కంటే వాళ్ళ మీదే కోపం ఎక్కువ.

క్రిస్మసుకు గుడి లోపల సున్నం వేయడం మా పేట ఆడవాళ్ళ పని. ఆ ఏడు తూర్పు గోడ అత్త వంతు. అత్త కుంచె ముంచి, పైనుంచి కిందికి గోడంతా వేస్తూ వచ్చి, నల్లరాయి దగ్గర ఆగకుండా దాని మీద కూడా వేసేసింది. ఒక పూత కాదు, ఆరాక రెండోది కూడా వేసింది. ఉపదేశిగారు పరుగెత్తుకొచ్చి ఇదేంటమ్మా అని నెత్తి కొట్టుకుంటే, "గోడకి సున్నం వెయ్యమన్నారు, వేశానండి. అక్కడ మావాళ్ళదేం లేదుగా" అంది.

పాదిరిగారు క్షమాపణ చెప్పుకోమన్నారు. అత్త చెప్పలేదు. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, ఆవిణ్ణి రానివ్వలేదు. మా నాన్న కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు, ఒక్క మాట అనెయ్యవే అని. పేరు అన్నందుకు తల్లి తిట్టింది, మాట అననందుకు అన్న తిడుతున్నాడు, ఏది అనాలో మీరే తేల్చుకోండి అంది. బతికినన్నాళ్ళూ ఆదివారం గుడి బయట కిటికీ కింద కూర్చుని పాటలు వినేది. పోయినప్పుడు సమాధుల తోటలో కంచె దగ్గర, చివర చోటిచ్చారు.

రాయిని ఆ వారమే కడిగించారు. పైన సున్నం పోయింది గాని, చెక్కిన గీతల్లోది ఎంత తోమినా పోలేదు. అంతకుముందు నల్లటి రాయిలో దగ్గరికి వెళితే గాని కనపడని దొరల పేర్లు, అత్త సున్నంతో తెల్లగా తేలి, గుమ్మంలోంచే కనపడటం మొదలెట్టాయి. ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చూడటానికి వచ్చినవాళ్ళు అక్షరాలు ఎంత చక్కగా దిద్దారో అంటారు.

నేను కాపురానికి వెళ్ళిన మొదటి రోజే మా ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. అత్తవారింట్లో పెద్ద గొడవైంది. అయినా మానలేదు. ఆయన డెబ్బై దాటి బతికాడు, ఆయుష్షేమీ తగ్గలేదు. ఈస్టరుకు ముందు కంచె దగ్గరికి వెళ్ళి అత్త సమాధికి సున్నం వేస్తాను. పక్కన ఖాళీ నేల మీద కూడా అంత మేర వేస్తాను. కింద ఎవరూ లేరని నాకు తెలుసు. మనవరాలు ఇది ఎవరిదని అడిగితే, నా వీపు మీద ఆ చెయ్యి పడ్డట్టే ఉంటుంది. గడగడా చెప్పేస్తాను.

మా మామయ్య పేరు నూకయ్య.