పల్లం ట్యాంకు అంకె

మా వదిన ఇప్పుడు నీటి సరఫరా ఆఫీసు గోదాములో కూర్చుని పైపులూ నట్లూ ఎవరికి ఎన్ని ఇచ్చారో రాసుకుంటోంది. మొన్నటిదాకా అదే ఆఫీసులో నీటి పరీక్షల లెక్కలన్నీ ఆమె చేతి మీదుగా పోయేవి. ఆమె నోరు అదుపులో ఉండదు కాబట్టి మార్చామని పెద్దసారు అందరికీ చెబుతున్నాడట. ఆ మనిషి పేరు రాయాలంటేనే నాకు రోత. పెద్దసారు అంటే చాలు, నిజానికి అదీ ఎక్కువే.

ముందు వదిన సంగతి చెప్పాలి. ఆమెకు అంట్లంటే పడదు. ఒకే గిన్నెలో పాలు కాచి, కడిగి, అందులోనే కూర వండి, కడిగి, మళ్ళీ అందులోనే టీ పెడుతుంది. టీకి తాలింపు వాసన వస్తోందని నేను దెప్పితే, "వేరే గిన్నె కావాలంటే నువ్వే తోముకో ఆడపడుచుగారూ" అంటుంది. తోమడం నాకూ ఇష్టం లేదు కాబట్టి ఆ టీయే తాగుతాను.

కంప్యూటర్లోనూ ఆమెది అదే పొదుపు. ఆఫీసులో లెక్కలు ఆర్ అనే కంప్యూటర్ భాషలో చేస్తారు. ఒక్కొక్క ట్యాంకు పరీక్షలు తీసుకుని, నీళ్ళలో మురుగు క్రిముల సగటు కట్టి, తర్వాతి ట్యాంకుకు వెళ్ళమని, అదే పని మళ్ళీ మళ్ళీ చేయించే లూప్ ఒకటి వదిన రాసింది. వచ్చిన సగటును 'ఫలితం' అనే ఒక్క పేరు కింద దాచమంది. అక్కడే కొంప మునిగింది. యంత్రం చెప్పినట్టే చేసింది. రెండో ట్యాంకు అంకె రాగానే మొదటిదాన్ని చెరిపింది, మూడోది రాగానే రెండోదాన్ని. పలక మీద ఒకటి రాసి, తుడిచి, ఇంకొకటి రాసినట్టు. లూప్ ముగిసేసరికి మిగిలింది చివరి ట్యాంకు అంకె ఒక్కటే. అది గుట్ట మీది కొత్త ట్యాంకు, అందులో నీళ్ళు శుభ్రం. ఆ ఒక్క అంకెను పట్టికలో పెట్టమంటే, ఆర్ కిక్కురుమనకుండా అన్ని ట్యాంకుల పక్కనా దాన్నే నింపేసింది.

పెద్దసారు ఆ పట్టిక చూసి మురిసి ముక్కలయ్యాడు. ఊరంతా ఒకే నాణ్యత అని పైవాళ్ళకు పంపి, మెప్పు పొంది, ప్రతి ట్యాంకు గోడకూ ఒక కాగితం అంటించాడు. దశాంశాలతో సహా అన్నిటి మీదా ఒకే అంకె. పాలవాడు కూడా రెండిళ్ళకు ఒకే చిక్కదనం పాలు పోయడు. ఇంత పెద్ద ఆఫీసులో ఒక్కరికీ అనుమానం రాలేదు. బాగున్న అంకెను ఎవరు అనుమానిస్తారు?

చివరికి అనుమానం వచ్చింది వదినకే. ఆఫీసు నుంచి వస్తూ దారిలో రెండు గోడల మీద ఆ కాగితాలు చూసి, ఇంటికి రాగానే చెప్పులైనా సరిగ్గా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ఈసారి ట్యాంకుకొక గడి చొప్పున ఖాళీ వరుస ముందే చేసిపెట్టుకుని, ఏ అంకెను ఆ గడిలో వేయించింది. పల్లం వీధి ట్యాంకు గడి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇవి తాగే నీళ్ళు కావే. తప్పు నాది" అంది.

మర్నాడు పొద్దున్నే కొత్త పట్టికతో పెద్దసారు గదిలోకి వెళ్ళి, తప్పు తనదని ఒప్పుకుని, పల్లం ట్యాంకు ఇవాళే ఆపించమంది. ఆయన పట్టికను బల్ల మీద బోర్లించి పెట్టాడట.

"ఆపితే ఎందుకు ఆపారని అడుగుతారు కదమ్మా. వచ్చే నెల లెక్కలో మెల్లగా సర్దేద్దాం."

"అప్పటిదాకా వాళ్ళు అవే తాగుతారు సార్."

"ఇన్నాళ్ళూ తాగలేదా ఏంటి?"

ఆ మాట అంటూ బల్ల మీది సీసా మూత తిప్పి రెండు గుక్కలు తాగాడట. కొనుక్కున్న నీళ్ళు. ఊరికి నీళ్ళిచ్చే మనిషి ఊరి నీళ్ళు ముట్టడు. తప్పు చేసినవాళ్ళ మీద కోపం వస్తే పోతుంది. తప్పు తెలిశాక దాని మీద కూర్చునేవాళ్ళను చూస్తే పుట్టే ఏవగింపు మాత్రం ఎంత కడిగినా వదలదు.

ఆ మధ్యాహ్నమే వదిన సెలవు పెట్టి పల్లం వీధికి బయల్దేరింది. నీకెందుకొచ్చిన గొడవ అని సణుగుతూనే నేనూ వెనక నడిచాను. అక్కడ ట్యాంకులోకి వెళ్ళే మంచినీళ్ళ పైపు మురుగుకాలవలోంచే పోతోంది. అతుకు దగ్గర సైకిల్ ట్యూబు చుట్టి వదిలేశారు. ముక్కు మూసుకోకుండా నడవలేకపోయాను. నీళ్ళు కాచుకోండి అని వదిన గుమ్మం గుమ్మానికీ చెబుతుంటే, "బాగున్నాయని గోడకి అంటించారుగా" అన్నారు కొందరు. "ఫిల్టర్లు అమ్ముతారా?" అంది ఒకావిడ, తలుపు సగం వేసేస్తూ.

వీధి చివరి ఇంట్లో ఒక ముసలమ్మ మాత్రం మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఎండనపడి వచ్చారు. ముందు కాసిన్ని మంచినీళ్ళు తాగండి" అని గ్లాసు తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

వదిన తాగలేదు, కింద పెట్టనూ లేదు.

"పెద్దమ్మా, ఆ కాగితం మీది అంకె నేను కట్టిందే. అది మీ నీళ్ళది కాదు. గుట్ట మీది ట్యాంకుది. నా పొరపాటు వల్ల మీది చెరిగిపోయింది."

"మరి మావి ఎలా ఉన్నాయి?"

"మురుగు కలుస్తోంది."

ముసలమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వెనక్కి తిరిగి, గదిలో చాప మీద ముడుచుకుని పడుకున్న మనవరాలి వైపు చూసింది.

"దానికి రెండ్రోజుల నుంచీ విరేచనాలమ్మా. నీళ్ళు బాగా పట్టమన్నాడు డాక్టరు. పొద్దుటి నుంచీ గ్లాసు తర్వాత గ్లాసు ఇవే పడుతున్నా."

వదిన లేచి లోపలికి వెళ్ళి, పొయ్యి వెలిగించి, ఆ ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలోకీ పెద్దది వెతికి, నిండా నీళ్ళు పోసి కాచడానికి దాని మీద పెట్టింది.