తెర మీది కాపరి

మిర్యాలగూడ ఫంక్షన్ హాలులో మూడు రోజులు విదేశీ సినిమాలు వేశారు. "గొర్ల సినిమా ఒకటుంది, రా మామా" అని మేనల్లుడు మహేశ్వర్ పిలిస్తే, రామనర్సయ్య మందను పక్కవాళ్లకు అప్పగించి నిడమనూరు నుంచి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంద దగ్గర నిలబడ్డట్టే, వెనక గోడ పక్కన కర్ర మీద గడ్డం ఆనించి, ఒక కాలు మడిచి నిలబడ్డాడు. తెర మీద నిండు పచ్చికలో ఏదో కొండదేశపు కాపరి కనబడగానే ఆయన కళ్లు కుట్టాయి. "గంత గడ్డేందిరా! వాడు గొర్లు కాస్తున్నడా, పండుకున్నడా?" అని పైకే అన్నాడు. ముందు వరుసలవాళ్లు నవ్వారు. ఇంతలో కాపరి భార్య రొట్టెల మూటతో కొండెక్కి వచ్చింది. రామనర్సయ్యకు సద్ది మోసుకొచ్చే భార్య చంద్రమ్మ పోయి అప్పటికి ఐదు నెలలు. "రోజూ తెస్తదారా?" అని మాత్రం మెల్లగా అడిగాడు.

సినిమా చివర ఆ భార్య చనిపోయింది. కాపరి కొండ మీద గొర్రెల నడుమ కూలబడి, ఒక్కడే గొంతెత్తి ఏడ్చాడు. మహేశ్వర్ కంగారుగా వచ్చి మామ చెయ్యి పట్టుకున్నాడు. "పోదాం పా మామా. ఆఖరికి గిట్లుంటదని తెల్వక పిలిసిన." రామనర్సయ్య తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "వాడు నసీబున్నోడురా. ఏడ్సెటందుకు గుట్ట దొరికింది. మీ అత్త పోయిన్నాడు, వచ్చినోళ్లకు కుర్చీలేసుడే సరిపాయె నాకు."