మామిడితోటలో జరగని ప్రమాదాలు

ఈ ప్రయాణానికి కారణం ఒక ఉత్తరం. "అయ్యా, ఆగిరిపల్లి దగ్గర మా మామిడితోటలో తరచూ రోడ్డు ప్రమాదాలు జరుగుతున్నాయని మీ లెక్కల్లో ఉందట. మా తోటలో రోడ్డే లేదు. ఒకసారి వచ్చి చూసుకోగలరు. ఇట్లు, వెంకటరత్నం, రైతు."

నేను విజయవాడలో ఒక చిన్న ప్రైవేటు సంస్థలో పని చేస్తాను. ఎక్కడైనా ప్రమాదం జరిగితే మా ఫీల్డు మనిషి అక్కడికి వెళ్లి, ఎలా జరిగింది, ఎందుకు జరిగింది అని ఫోనులోని యాప్‌లో నింపుతాడు. అది మా ఆఫీసు మ్యాపు మీద ఎర్ర చుక్కై కూర్చుంటుంది. చుక్కలు గుంపుగా పడినచోట హెచ్చరిక బోర్డు పెట్టాలని మేము నివేదిక రాస్తాం. పన్నెండేళ్లుగా ఆ చుక్కలతోనే నా కాపురం. ఒక్క చుక్క దగ్గరికీ వెళ్లి చూసిన పాపాన పోలేదు.

ఉత్తరం చదివి మ్యాపు తెరిచాను. రోడ్డుకి కిలోమీటరు అవతల, పచ్చటి తోట నడిమధ్యలో, చుక్కల మీద చుక్కలు. అన్నిటికీ కారణం ఒక్కటే: అతివేగం. మామిడిచెట్ల మధ్య అంత వేగంగా ఎవరు పోతున్నారో నాకు అర్థం కాలేదు. మా మేనేజరుకీ అర్థం కాలేదు. "వెళ్లి చూసిరండి మేడమ్" అన్నాడు. మే నెల ఎండ సంగతి మాత్రం ఎత్తలేదు.

పొద్దున్నే ఏడుంపావుకి నూజివీడు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ఈ దారిన వెళ్లే ఆడవాళ్లు కార్డు మరిచిపోవద్దు, సీటు మీద ఆశ కూడా పెట్టుకోవద్దు. ఆవకాయ రోజులు కావడంతో బస్సులో సగం ఒళ్లలో ఖాళీ జాడీలున్నాయి. నేను నిలబడ్డ పక్క సీటులోని పెద్దాయన నేను ఏ పని మీద వెళ్తున్నానో అడిగి తెలుసుకుని, "ప్రమాదాలా? అంతా ఆటోలవాళ్ల వల్లేనండీ. రాసుకోండి" అన్నాడు. రాసుకున్నాను.

ఎనిమిదిన్నరకి ఆగిరిపల్లిలో దిగి, రెండు ఇడ్లీ తిని, షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు పట్టే ఆటోలో మేం తొమ్మిదిమందిమి. డ్రైవరు తన సీటులో సగం ఒక ప్రయాణికుడికి ఇచ్చి, మిగతా సగంలో ఏటవాలుగా వేలాడుతూ నడుపుతున్నాడు. ఈ రోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువా అని అడిగాను.

"అబ్బే, అసలు లేవండి మేడమ్" అని వెనక్కి పూర్తిగా తిరిగి చెప్పాడు. "ఏదో మొన్నొకటి, నిన్నొకటి. అంతా బైకులోళ్లేనండీ. రోడ్డు చూడరు."

"మీరు చూడండి బాబూ" అన్నాం ఏడెనిమిది గొంతులతో.

తోట గేటు దగ్గర వెంకటరత్నం గారు నిలబడి ఉన్నారు. అరవై దాటిన మనిషి, తెల్ల లుంగీ, భుజం మీద తువ్వాలు. "రండమ్మా, ఎండన పడి వచ్చారు. ముందు చూడాల్సింది చూసి, తర్వాత నీళ్లు తాగుదురుగాని" అని లోపలికి తీసుకెళ్లారు. చెట్ల మధ్య కొత్త ఇనప స్తంభం మీద పసుపుపచ్చ బోర్డు ఉంది: "ప్రమాదాలు ఎక్కువగా జరుగు స్థలము. నెమ్మదిగా వెళ్లుము."

"ఇక్కడెలా పాతారండీ?" అన్నాను.

"కాంట్రాక్టరు మనుషులు ఫోను చూసుకుంటూ వచ్చారమ్మా. రోడ్డు అక్కడుంది బాబూ అన్నాను. మాకిచ్చిన పాయింటు ఇదే అన్నారు. గొయ్యి తీసి, సిమెంటు పోసి, సెల్ఫీ తీసుకుని పోయారు. ఇప్పుడు కాయ కోయడానికొచ్చే కూలీలు ఈ బోర్డు చదివి చెట్టెక్కనంటున్నారు. కాయ కొనడానికొచ్చిన వ్యాపారి ఒకాయన, ఈ తోటలో ఎవరైనా పోయారా అని చెవిలో అడిగి వెళ్లిపోయాడు. కాయ పండుకొస్తోంది. కోత పడకపోతే ఏడాది కష్టం నేలపాలే."

నాకు నవ్వొచ్చింది గాని, ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. మా ఫీల్డు మనిషి దుర్గారావుకి ఫోను చేసి, తోట దగ్గరికి రమ్మన్నాను. దారి చెప్పబోతే "తెలుసు మేడమ్" అని పెట్టేశాడు. పావుగంటలో బైకు మీద దిగాడు. ముప్పై దాటిన, నెమ్మదైన మనిషి. అతను వచ్చి బోర్డు పక్కనున్న చెట్టు మొదట్లో కూర్చున్నాడో లేదో, వెంకటరత్నం గారి భార్య సరోజిని గారు పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఏం నాయనా, వారం అయింది, రాలేదే? ఎవరూ పడలేదా?" అన్నారు.

అందరం దుర్గారావు వైపు చూశాం. అతను గ్లాసు వైపు చూశాడు.

విషయం ఇదీ. ప్రమాదం జరిగిన చోట అతను వివరాలన్నీ రాసుకుంటాడు. కాని అక్కడ చెట్టునీడ లేదు, సిగ్నల్ లేదు. ఈ చెట్టు కింద రెండూ ఉన్నాయి, మజ్జిగ అదనం. ఇక్కడికొచ్చి కూర్చుని "పంపు" అనే మీట నొక్కుతాడు. మీట నొక్కిన చోటే ప్రమాదం జరిగినచోటు అని యాప్ అనుకుంటుంది.

"మరి అన్నిటికీ అతివేగం అని ఎందుకు పెట్టావయ్యా?" అన్నాను.

"కారణాల లిస్టులో అదే మొదటిది మేడమ్. ఎండకి ఫోను వేడెక్కిపోయి, కిందకి జరిపితే జరగదు."

ఆ లిస్టు తయారు చేసింది నేనే.

వెంకటరత్నం గారు భార్య వైపు తిరిగారు. "అంటే నువ్వు మజ్జిగ పోసినందుకు మనకీ బోర్డా?"

"ఎండన పడి వచ్చినవాడికి మజ్జిగ పొయ్యకుండా ఉంటానా ఏంటి!" అని ఆవిడ నాక్కూడా ఒక గ్లాసు ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు.

అసలు చోటు చూపించమన్నాను. దుర్గారావు ముందు వెళ్లిపోయాడు. నేను వెంకటరత్నం గారి మోపెడ్ ఎక్కబోతూ, హెల్మెట్ లేదా అని అడిగాను. హ్యాండిల్‌కి వేలాడుతోంది గాని, అందులో నాలుగు కలెక్టరు మామిడికాయలున్నాయి. "సంచీలా బాగా పనికొస్తోందమ్మా" అంటూ కాయలు తీసి పక్కన పెట్టి, నా మాట కోసం తన నెత్తిన పెట్టుకున్నారు. వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ ఉండాలని నివేదికల్లో ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. రెండోది లేదు కాబట్టి ఆ సంగతి ఎత్తకుండా చీర కుచ్చెళ్లు సర్దుకుని కూర్చున్నాను.

పదకొండు గంటలప్పుడు తారు రోడ్డెక్కాం. బండి ఇరవై దాటలేదు. సైకిలు మీద పోతున్న ఒకాయన మమ్మల్ని దాటుతూ నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. రోడ్డు ఎడమకి బాగా వంపు తిరిగింది. వంపు తిరగ్గానే, టార్పాలిన్ నీడలో, గడ్డి పరిచిన బల్ల మీద చిన్న రసాలు. పసుపులో ఎరుపు తిరిగి, తొడిమ దగ్గర జీడి మరకతో, అప్పుడే చెట్టు దిగినట్టున్నాయి.

నాకు తెలియకుండానే ఆయన భుజం మీద చరిచాను. "ఆపండి! రసాలు!"

ఆయన ఆపారు. మోపెడ్ మాత్రం వెంటనే ఆగలేదు. ఇసకలో ముందు చక్రం ఒక పక్కకి, నేను ఇంకో పక్కకి, వెంకటరత్నం గారు మధ్యలో. అంతా అర క్షణంలో అయిపోయింది. కళ్లు తెరిచేసరికి రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాను. మోకాలు మండుతోంది. వెంకటరత్నం గారు హెల్మెట్ తట్టుకుని చూసుకుంటున్నారు. దాని మీద కొత్త గీత పడింది. తలకేమీ కాలేదు. ముందే వచ్చి బడ్డీ దగ్గర ఆగిన దుర్గారావు పరుగెత్తుకొచ్చి బండి లేపాడు.

బడ్డీలోంచి ఒకావిడ చెంబుతో నీళ్లు, పసుపు డబ్బా పట్టుకుని వచ్చింది. కంగారు లేదు, కేకలు లేవు. రోజూ చేసే పని అని తెలుస్తూనే ఉంది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మోకాలు కడిగింది. పేరు మంగతాయారు.

"మీరూ అరిచారా అమ్మా?" అంది.

"అరిచాను."

"ఇక్కడ పడేవాళ్లలో సగంమంది అంతేనమ్మా. వెనకాల కూర్చున్న ఆవిడ కాయలు చూసి అరుస్తుంది. ముందున్నాయన బ్రేకు తొక్కుతాడు. ఆ వెనకొచ్చేవాడికి ఇదేం తెలుసు? వచ్చి గుద్దుతాడు."

పన్నెండేళ్లలో నేను చదివిన ఏ నివేదికలోనూ ఈ కారణం లేదు. "మరి బడ్డీ కొంచెం జరుపుకోవచ్చు కదా?" అన్నాను.

"జరిపితే ఎవరు చూస్తారమ్మా? వంపు తిరగ్గానే కంట్లో పడాలనే ఇక్కడ పెట్టాను." పసుపు అద్దుతున్న చెయ్యి ఆగింది. "మొన్నొక ఆవిడ చంటిపిల్లతో పడింది. పిల్లకేం కాలేదు. కాని ఆ ఏడుపు విన్నాక ఆ రోజు కాయ అమ్మబుద్ధి కాలేదు. తెల్లారేసరికి మళ్లీ ఇక్కడే పరిచాను. మూడు నెలల బేరమమ్మా ఇది. దీని మీదే ఏడాదంతా లాగాలి."

కాయలు చాలా బాగున్నాయి, ఎవరి తోటవి అని అడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అయ్యగారివేగా. కూలీలు చెట్టెక్కకపోయినా రోజూ నాకు గంపెడు ఆయనే కోసిస్తారు" అంది వెంకటరత్నం గారిని చూపించి.

ఆయన లుంగీకి అంటిన ఇసక చాలా శ్రద్ధగా దులుపుకోవడం మొదలుపెట్టారు.

"అయితే మేడమ్" అన్నాడు దుర్గారావు మెల్లగా, "ఆ బోర్డు తోటలో ఉండటం పూర్తిగా తప్పు కాదేమో."

ముందు వెంకటరత్నం గారే నవ్వారు. తర్వాత లేచి, నడుం పట్టుకుని రోడ్డంతా చూశారు. వంపు దాటాక రోడ్డు తిన్నగా ఉంది, పక్కన బళ్లు ఆపుకోవడానికి ఖాళీ స్థలమూ ఉంది. "బడ్డీ అక్కడ పెట్టుకోవే మంగతాయారూ. అక్కడున్నావని వంపుకి ఇవతలే అందరికీ తెలిసేట్టు నేను చేస్తాగా" అన్నారు.

"తెలియకపోతే?"

"తెలియకపోతే వెనక్కి తెచ్చి పెట్టే పూచీ నాది."

ఆవిడ బల్ల వైపు చూసింది, నా మోకాలి వైపు చూసింది. "సరే, పట్టండి అటుపక్క" అంది.

నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్, బల్ల, బెంచీ. ముగ్గురూ మోశారు. నేను కుంటుతూ పసుపు డబ్బా మోశాను. వెంకటరత్నం గారు మామిడి అట్టపెట్టె ఒకటి చింపి, దుర్గారావు మార్కరుతో పెద్ద అక్షరాలు రాసి, వంపుకి ముందున్న స్తంభానికి కట్టారు: "మంచి రసాలు ముందు ఉన్నాయి. కంగారు పడి ఆపకండి." మేం అక్కడుండగానే బైకు మీద ఒక జంట వచ్చింది. వెనకావిడ అట్ట చదివి ఆయనకేదో చెప్పింది. బండి నెమ్మదించి, వంపు తిరిగి, ఎడమకి సిగ్నల్ వేసి ఆగింది. ఆ రోడ్డు మీద ఆ ఉదయమంతట్లో నేను చూసిన మొదటి సిగ్నల్ అది. మంగతాయారు చేట తీసుకుని లేచింది.

ఇక నా ప్రమాదం నమోదు చేయాలి. వంపు మీదే నిలబడి నింపమన్నాను. దుర్గారావు నెత్తిన తువ్వాలు కప్పుకుని మొదలుపెట్టాడు. "కారణం ఏం పెట్టను మేడమ్? అతివేగం?"

"ఇరవై మీద వస్తున్నామయ్యా! కిందకి జరుపు."

చాలాసేపు జరిపాడు. చివర "ఇతరములు" దొరికింది. వివరాల్లో "వెనక కూర్చున్న మహిళ చిన్న రసాలు చూసి డ్రైవరును చరచుట" అని రాశాడు. హెల్మెట్ ఉందా అన్న గడిలో ముందాయనకి ఉంది, వెనకావిడకి లేదు అని నాచేతే చెప్పించాడు. సిగ్నల్ దొరికేదాకా ఫోను పైకెత్తి అక్కడే అటూ ఇటూ తిరిగి, మొత్తానికి పంపాడు.

ఒంటిగంటకి సరోజిని గారింట్లో భోజనం: ముద్దపప్పు, కొత్తావకాయ, నెయ్యి, ఆఖర్న పెరుగన్నంలోకి రసం పండు. బోర్డు తీయించమని మా మేనేజరుకి అక్కడినుంచే మెయిలు పెట్టాను.

మూడున్నరకి బస్సులో నూజివీడు చేరి, ఈ మోకాలితో విజయవాడ దాకా బస్సులో నిలబడలేక రైలెక్కుదామని స్టేషనుకి దారి అడిగాను. తెలియనివాళ్లకి చెప్పడం మంచిది: నూజివీడు స్టేషను నూజివీడులో లేదు. పదిహేను కిలోమీటర్ల పైన, హనుమాన్ జంక్షన్ పక్కన బాపులపాడు దగ్గరుంది. దాన్ని అక్కడ గుర్తుపెట్టినవాళ్లని నేనేమీ అనదలచుకోలేదు. మళ్లీ షేర్ ఆటో, మళ్లీ కిక్కిరిసిన జనం. అయినా వెలుతురుండగానే ప్యాసింజరు దొరికింది, కిటికీ పక్కన చోటూ దొరికింది.

రైలు కదిలాక ఫోనులో మ్యాపు తెరిచాను. తోటలో పాత చుక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. రేపు కూర్చుని, దుర్గారావు రాసుకున్న నోటుబుక్కు చూసి, ఒక్కొక్కటీ వంపు దగ్గరికి జరపాలి. సరిగ్గా రోడ్డు మీద ఉన్న చుక్క ఒక్కటే, నాది. వేలితో పెద్దది చేసి చూశాను. బెంచీ లేదు, చెంబు లేదు, పసుపు డబ్బా లేదు. ఇన్నేళ్లూ నేను లెక్కపెట్టిన ప్రతి చుక్క దగ్గరా ఎవరో ఒకరు ఇలాగే కూర్చుని ఉంటారు. ఎవరో ఒకరు మోకాలు కడిగి ఉంటారు. కొన్నిచోట్ల కడిగే అవసరం కూడా ఉండి ఉండదు. ఫోను మూసి సంచీలో పెట్టేశాను.

ఎదురుగా కూర్చున్న ఒక ముసలావిడ నా మోకాలి మీద పసుపు చూసి, ఏమైందమ్మా అంది. దాచకుండా మొత్తం చెప్పాను, నేను అరవడం వల్లే పడ్డామని కూడా. ఆవిడ అంతా శ్రద్ధగా విని, ముందుకు వంగింది.

"ఏం కాయలన్నావు?"

"చిన్న రసాలండీ."

"చిన్న రసాలా?" అని వెనక్కి వాలి, నాలుక చప్పరించింది. "మరి అరవక ఏం చేస్తావులే!"